గోడకు రంగు వేసే ముందు తెర కట్టండి

రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశాఖ కమిషనర్లకు, మాతాశిశు ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు, ఆసుపత్రి అభివృద్ధి కమిటీల సభ్యులకు బహిరంగ లేఖ

ఆర్యా,

ఏ మాతాశిశు ఆసుపత్రి వరండాలో నిలబడ్డా గోడమీద ఒక బిడ్డ నవ్వుతూ కనిపిస్తుంది. పాలమీగడలాంటి ఒళ్లు, నీలి కళ్లు, తలమీద గులాబీ టోపీ. మన పల్లెల్లో, బస్తీల్లో పుట్టే పిల్లలెవరికీ ఆ పోలిక ఉండదు. సరిగ్గా ఆ బొమ్మ కిందే నొప్పులు పడుతున్న మనిషి బెంచీ అంచు పట్టుకుని వంగి ఉంటుంది. ఆమె తలెత్తి చూడదు. ఆ బొమ్మ పెట్టింది తనిఖీకి వచ్చేవారి కోసమని ఆమెకూ తెలుసు.

ఈ ఉత్తరం రాస్తున్నవాళ్లలో ప్రసూతి వార్డుల్లో పనిచేసే వైద్యులం, స్టాఫ్ నర్సులం ఉన్నాం. గోడమీదా గుడ్డమీదా బొమ్మలు వేసి బతికేవాళ్లమూ ఉన్నాం. అభివృద్ధి నిధుల్లో ‘వాల్ పెయింటింగ్’ అన్న పద్దు కనబడినప్పుడల్లా మా రెండు వర్గాలకూ ఒకటే అనిపిస్తుంది: డబ్బు ఖర్చవుతోంది గానీ వరస తప్పుతోంది. ముందు తెర కట్టాలి, ఆ తర్వాతే రంగు వెయ్యాలి.

దానికీ ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. బొమ్మ రక్తస్రావాన్ని ఆపదు. బిడ్డ బయటపడ్డ నిమిషంలోపు తల్లి తొడకు వేసే 10 యూనిట్ల ఆక్సిటోసిన్, ఆ మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచే ఫ్రిజ్, పోయిన రక్తాన్ని కంటి అంచనాకు వదలకుండా కొలిచే గీతల సంచి, రక్తస్రావం మొదలైతే మూడు గంటల్లోపు ఇవ్వాల్సిన ఒక గ్రాము ట్రానెక్సామిక్ యాసిడ్, బీపీ 160/110 దాటిన తల్లికి ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ తొలి డోసు (నరంలోకి 4 గ్రాములు, ఒక్కో పిరుదుకు 5 గ్రాములు, మొత్తం 14): వీటిలో ఏది మీ లేబర్ రూములో నిలకడగా లేకపోయినా ముందు అది కొనండి. బొమ్మలు వచ్చే ఏడాది వేయించుకోవచ్చు. 2018-20 ఎస్‌ఆర్‌ఎస్ (జనన మరణాల మీద కేంద్రం జరిపే నమూనా సర్వే) లెక్కల్లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశం మొత్తమ్మీద 97 ఉంటే తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45 ఉన్నాయి. ఆ అంకె దిగింది మందులవల్ల, రక్తనిధులవల్ల, అర్ధరాత్రి మేలుకొని ఉన్న నర్సులవల్ల. గోడలవల్ల కాదు.

మరి గోడలూ తెరలూ ఎందుకంటారా? ఇదే కాలంలో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) మరో సంగతి చెప్పింది. తెలంగాణలో 97 శాతం, ఆంధ్రలో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి. మంచిదే. కానీ తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రలో 42.4 కాన్పులు సిజేరియన్లు. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే ఏకంగా 81.5. దేశ సగటు 21.5. ఇన్ని కోతలకు కారణాలు చాలా ఉన్నాయి. బిల్లుల లెక్కలున్నాయి, ముహూర్తాల పిచ్చి ఉంది, మొదటి కోత పడితే రెండోది తప్పదన్న నమ్మకం ఉంది. వాటితోపాటు ఇంకొకటీ ఉంది: ‘అమ్మా, నావల్ల కాదు, కోసెయ్యండి’ అని తల్లే చేతులు జోడించడం. ఆ మాట అనిపించేది నొప్పి ఒక్కటే కాదు. పక్క టేబుల్ మీద ఇంకొకరి కేక, తన కాళ్లు ఎవరికి కనబడుతున్నాయో తెలియని బెదురు, చుట్టూ తెలిసిన మొహం ఒక్కటీ లేకపోవడం. భయం పెరిగితే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, నొప్పులు మందగిస్తాయి. మందగించిన నొప్పులు కేసుషీటులో ‘ప్రోగ్రెస్ లేదు’ అవుతాయి. ఆ తర్వాత ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు.

దీనికి అన్నిటికన్నా చవకైన మందు తోడు. తల్లో, అక్కో, అత్తో, ఎవరో ఒక నమ్మకమైన మనిషి నొప్పులు మొదలైనప్పటినుంచీ పక్కన ఉంటే ఏమవుతుందని 26 పరిశోధనలను కలిపి చూసిన సమీక్ష 2017లో వచ్చింది. పదిహేను వేలమందికి పైగా తల్లుల లెక్క అది. సిజేరియన్లు సుమారు పావు వంతు తగ్గాయి, నొప్పులు పడే సమయం నలభై నిమిషాల దాకా తగ్గింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు గదిలోకి తోడు మనిషిని రానివ్వచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ 2016 ఫిబ్రవరిలోనే చెప్పింది. లేబర్ రూముల నాణ్యత పెంచడానికి 2017 డిసెంబరులో మొదలైన కేంద్ర పథకం ‘లక్ష్య’ ప్రమాణాల్లోనూ అది ఉంది. అయినా చాలాచోట్ల ఆ తోడు గేటు బయటే గోడకానుకుని కూర్చుంటుంది. ఎందుకని అడిగితే నర్సులు ఇచ్చే జవాబు న్యాయమైనదే: ‘నాలుగు టేబుళ్లున్నాయి, మధ్యలో అడ్డం లేదు. ఈమె అత్తను లోపలికి రానిస్తే మిగతా ముగ్గురి పరువేం కావాలి?’

అందుకే తెర. లేబర్ రూములో పెట్టాల్సిన మొదటి కళాఖండం అదేనని మా చిత్రకారులే ఒప్పుకున్నారు. దాని గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే పని చెడేది ఇక్కడే.

చాలా లేబర్ రూముల్లో తెరలు ఒకప్పుడు కట్టినవే. ఆర్నెల్లు తిరిగేసరికి అవి ముడేసి పైకి దోపి ఉంటాయి, లేదా స్టోరులో మూటై ఉంటాయి. కారణం నర్సుల నిర్లక్ష్యం కాదు. తెర జరగడానికి పైన బిగించే పలచటి అల్యూమినియం పట్టాలు బరువుకు వంగుతాయి, తెర సగంలో ఇరుక్కుంటుంది. ఉతుకుడుకు వెళ్లిన తెరతోపాటు కొక్కేలు పోతాయి. నేలకు తగిలేంత పొడవున కుడితే మాప్ నీళ్లు, రక్తం, ఉమ్మనీరు అంచుకు పట్టి వాసనొస్తాయి, అప్పుడు ఆయాలు ముడేస్తారు. పైకప్పుదాకా గుడ్డే ఉంటే ఫ్యాను గాలి ఆడదు, ఉక్కపోతకు తల్లే తీసేయమంటుంది.

కాబట్టి ఇలా చేయించండి. పట్టా సీలింగుకు బిగించాలి, రెండడుగులకు ఒక బిగింపు చొప్పున. టేబుల్‌కు మూడు వైపులా తిరిగి రావాలి, మూలల్లో వంపు ఉండాలి గానీ కోణం ఉండకూడదు. గుడ్డ వెడల్పు పట్టా పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్లు తీసుకోవాలి, లేకపోతే మడతలు పడవు, మూసినా సందు మిగులుతుంది. పైన ఒకటిన్నర అడుగు వలగుడ్డ వెయ్యాలి, గాలీ వెలుతురూ దానిలోంచి వస్తాయి. కింది అంచు నేలకు ఒక అడుగు పైనే ఆగాలి. నూలు గుడ్డయితే మొదటి ఉతుకుల్లో కుంచించుకుపోతుంది, ముందే నీళ్లలో ముంచి ఆరేసి కొలత తీసుకోమని దర్జీకి చెప్పండి, కింద మూడంగుళాల మడత అదనంగా వదిలించండి. ఒక్కో టేబుల్‌కు మూడు జతలు కావాలి: ఒకటి పట్టాకు, ఒకటి ఉతుకుడులో, ఒకటి బీరువాలో. ప్రతి తెర మూలన టేబుల్ నంబరు కుట్టించండి. వారానికోసారి మార్చాలి. రక్తం చిందితే అప్పటికప్పుడే మార్చాలి. రక్తం పడ్డ గుడ్డను ముందు చన్నీళ్లలో నానబెట్టాలి. నేరుగా వేడినీళ్లలో వేస్తే మరక గుడ్డలోకి దిగి ఇక పోదు.

రంగు సంగతి. ముదురు రంగయితే మరక కనబడదని కొనుగోలు విభాగానికి ముదురు ఆకుపచ్చ, ముదురు నీలం ఇష్టం. మరక కనబడాలి, అది కనబడితేనే తెర మారుతుంది. లేత ఇసుక రంగో, తెలుపు తిరిగిన బూడిద రంగో ఎంచుకోండి. కింది భాగంలో నేతలోనే ఒక అంచు రావచ్చు, మన చీరకు ఉన్నట్టు. దానికి మన నేతగాళ్లున్నారు. శ్రీకాళహస్తి కలంకారీ తెరలు వేద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. కలంకారీ మీద మాకూ ప్రేమే. కానీ కరక్కాయ, పాలు పట్టించి పటిక అద్దకంతో తెచ్చిన ఆ రంగులు బ్లీచింగ్ నీళ్లకు నాలుగు ఉతుకుల్లో వెలిసిపోతాయి, కళాకారుడి కష్టం మురికిగుడ్డలా వేలాడుతుంది. ఇక్కడికి బ్లీచింగుకు వెలవని వ్యాట్ రకం రంగులు అద్దిన నూలే నిలుస్తుంది. కలంకారీకి వేరే చోటుంది, ముందుకెళ్తే చెబుతాం.

ఇప్పుడు గోడలు. మీ ఆసుపత్రిలో ఎక్కడ ఏ రంగున్నా సరే, మూడుచోట్ల మాత్రం పసుపు, ఆకుపచ్చ, గులాబీ, నీలం వద్దు: లేబర్ రూములో బిడ్డను తుడిచి చూసే వార్మర్ (వెచ్చగా ఉంచే బల్ల) దగ్గర, నవజాత శిశువుల ప్రత్యేక వార్డులో, బాలింతల మంచాల వెనక. పుట్టిన బిడ్డ రంగు చూసి చెప్పాల్సిన విషయాలు చాలా ఉంటాయి. పెదాలు నీలంగా ఉన్నాయా, ఒళ్లు పాలిపోయిందా, రెండో రోజుకో మూడో రోజుకో కామెర్లు కనబడుతున్నాయా. పసుపు గోడమీద పడ్డ ఎండ బిడ్డ మొహంమీదికి తిరిగి కొడుతుంది. అప్పుడు లేని కామెర్లు ఉన్నట్టు కనబడతాయి, లేదా అంతా పచ్చగా ఉండటాన అసలు కామెర్లే కంటికి ఆనవు. గులాబీ తెర పక్కన రక్తం లేని బిడ్డ కూడా ఆరోగ్యంగా కనబడుతుంది. ఆ మూడుచోట్ల గోడ తెలుపో, లేత బూడిదో ఉండాలి. బల్బులు కూడా పసుపు వెలుతురువి వద్దు. రంగులను ఉన్నవున్నట్టు చూపించే తెల్ల దీపాలు అడగండి. డబ్బామీద సీఆర్‌ఐ అని ఒక అంకె ఉంటుంది, అది 80కి తక్కువ ఉండకూడదు.

పెయింటు కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల్లో 90 భాగాలు దాటకూడదని 2016లో చేసిన నిబంధన 2017 నవంబరునుంచి అమల్లో ఉంది. అది ఇళ్ల రంగులకే వర్తిస్తుంది. యంత్రాలకు వేసే పారిశ్రామిక ఎనామెల్‌కు వర్తించదు. బొమ్మలు వేసేవాళ్లు మెరుపుకోసం ఆ పసుపు, ఆ నారింజ వాడటం ఉంది. డబ్బా చూపించమనండి. రంగు వేసిన గదిని వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం వారం, కిటికీలు తెరిచి ఖాళీగా ఉంచండి. మంత్రిగారు వస్తున్నారని ముందురోజు రాత్రి రంగు కొట్టి పొద్దున్నే బాలింతలను పడుకోబెట్టే అలవాటు మానాలి.

ఇక బొమ్మ ఎక్కడుండాలి? నిలబడ్డ మనిషి కంటికి సూటిగా గోడమీద బొమ్మ పెడతాం, నిలబడి చూసేది మనం కాబట్టి. తల్లి పడుకుని ఉంటుంది. ఆమెకు కనబడేది సీలింగు, ఎదుటి గోడ పైభాగం, బల్లి తిరిగే ట్యూబులైటు. బొమ్మ పెట్టే ముందు ఎవరైనా ఒకరు ఆ టేబుల్ మీద అయిదు నిమిషాలు వెల్లకిలా పడుకుని చూడండి. ఇంజనీరుగారైతే మరీ మంచిది.

ఆపరేషన్ థియేటరులో ఇది ఇంకా ముఖ్యం. వెన్నుకు మత్తిచ్చిన తల్లికి తెలివి ఉంటుంది. మొహానికీ పొట్టకూ మధ్య అడ్డుగుడ్డ కడతారు గానీ నెత్తిమీద దీపం తాలూకు మెరిసే స్టీలు పళ్లెంలో తన పొట్ట తెరుచుకుని ఉండటం ఆమెకు కనబడుతుంది. ఇది చాలామంది డాక్టర్లకు తట్టనే తట్టదు, వాళ్లు ఆ వైపునుంచి ఎప్పుడూ చూడరు కదా. దీపం కోణం మార్చి, అడ్డుగుడ్డను ఒక జానెడు ఎత్తితే సరిపోతుంది, పైసా ఖర్చు లేదు. ఆపైన ఆమె తలకు సూటిగా సీలింగులో ఒక చెట్టు కొమ్మల ఫొటోనో, చెరువు మీది ఆకాశమో రెండడుగులు బై మూడడుగుల అక్రిలిక్ పలకలో బిగించండి. పాట కావాలా అని ఆమెనే అడగండి. ఏ పాటో ఆమే చెప్పాలి, శబ్దం మాత్రం మత్తు డాక్టరు మానిటరు కూత వినబడేంత తక్కువలో ఉండాలి.

ఎలాంటి బొమ్మ అన్నదానికి కొంత ఆధారముంది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషనయిన 46 మంది రోగులను పోల్చి రోజర్ ఉల్రిచ్ 1984లో ఒక అధ్యయనం ప్రచురించాడు. సగంమందికి కిటికీలోంచి చెట్లు కనబడేవి, సగంమందికి ఇటుక గోడ. చెట్లు కనబడ్డవాళ్లు కొంచెం ముందే ఇంటికెళ్లారు, ఘాటైన నొప్పిమందులు తక్కువ అడిగారు. తర్వాత స్వీడన్‌లోని ఉప్సలలో గుండె ఆపరేషనయిన వాళ్లమీద చూస్తే, అర్థంకాని గీతల, చతురస్రాల బొమ్మలు ఆందోళనను పెంచాయి. మా చిత్రకారుల్లో ఒకరిద్దరికి ఇది నచ్చలేదు, అయినా ఒప్పుకున్నారు. నొప్పిలో ఉన్న మనిషికి గ్యాలరీ అక్కర్లేదు. చెట్టు, నీళ్లు, దారి, పశువు, పరిచయమున్న పొలం చాలు.

చేర్యాల నకాషీ బొమ్మలు మన ఆసుపత్రుల్లో కనబడటం మాకూ ఇష్టమే. కానీ వాటి వెనకంతా ఎరుపు. రక్తమంటేనే గుండె జారుతున్న చోట గోడంత ఎరుపు పెట్టకండి. పైగా చింతగింజల జిగురు, గంజి, సుద్దమట్టి పట్టించిన ఖాదీ గుడ్డ అది. తేమకు బూజు పడుతుంది, పురుగులకు తిండవుతుంది. అసలు బొమ్మలు ఓపీ హాలులో, అద్దం వెనక, తడి తగలని గోడకు పెట్టండి. కలంకారీ చోటు కూడా అదే. అక్కడ గర్భిణులు రెండు మూడు గంటలు కూర్చుంటారు, ప్రతి నెలా 9న జరిగే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ రోజున ఇంకా ఎక్కువ. చదవడానికి తీరికున్నది అక్కడే. ఒక చుట్టగా సాగే బొమ్మలో కథ చెప్పడం చేర్యాల వాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. తలనొప్పి, కళ్లు మసకలు, మొహంలో వాపు ఉన్న ఒక గర్భిణి 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేరడం, బీపీ చూపించుకోవడం, బిడ్డతో ఇంటికెళ్లడం ఏడు చట్రాల్లో చెప్పమనండి. అక్షరాలు నింపిన ఫ్లెక్సీ పది చెప్పలేనిది అది చెబుతుంది.

నడక గురించి. నొప్పులు మొదటి దశలో ఉన్న తల్లి పడుకోకుండా నడుస్తూ, నిలబడుతూ, కూర్చుంటూ ఉంటే ఆ దశ సగటున గంటా ఇరవై నిమిషాలు తగ్గుతుందని 2013 నాటి సమీక్ష ఒకటి చెప్పింది. నడవమని అందరూ చెబుతారు, ఎక్కడ నడవాలో ఎవరూ చెప్పరు. వరండాలో స్ట్రెచర్లు, బంధువులు, చెప్పుల గుట్ట. ఒక ఇరవై మీటర్ల దారి ఖాళీ చేయించి, నడుము ఎత్తులో గోడకు పట్టుకునే కడ్డీ వేయించండి. దారికి ఆ చివర ఏదైనా ఒకటి ఉండాలి, కిటికీయో, వేపచెట్టో, తులసికోటో. వెళ్లడానికి చోటంటూ ఉంటే కాళ్లు వెళతాయి. నేలమీద రంగుముగ్గులు వేయొద్దు, ఉమ్మనీరు పడితే జారతారు.

ముగ్గు గోడమీదికి రావాలి. ఇది మాకు తోచిన ఆలోచన, ఖర్చు తక్కువ, ఒక ఆసుపత్రిలో ప్రయత్నించి చూడమని అడుగుతున్నాం. అడుగున్నర చదరపు గ్రానైటు పలకమీద ఒక మెలికల ముగ్గు, ఎక్కడా తెగకుండా మొదలైనచోటికే తిరిగొచ్చే గీతతో చెక్కించాలి. గాడి వెడల్పు చిటికెన వేలు పట్టేంత, సుమారు పది మిల్లీమీటర్లు. లోతు మూడు. అంచులు నున్నగా గీయించాలి. నేలకు నాలుగడుగుల ఎత్తున, కడ్డీ పక్కనే బిగించాలి. బాగా జోరందుకున్న నొప్పి ఒకటి దాదాపు 40 నుంచి 60 సెకన్లు ఉంటుంది. వేలితో నెమ్మదిగా ఆ ముగ్గు దిద్దితే అంతే పట్టాలి, గీత పొడవు ఆ లెక్కన పెట్టుకోండి. నొప్పి ఎక్కేటప్పుడు మొదలుపెట్టి, దిగేటప్పటికి ముగ్గు పూర్తిచేస్తూ, ఊపిరి దాంతోపాటే వదులుతూ. తోడొచ్చిన అమ్మకు కూడా ఇది చేతికొచ్చిన పనే, ‘ఏడవకే’ అనడం తప్ప ఏం చెయ్యాలో తెలియక నిలబడే బాధ తప్పుతుంది. చెక్క వద్దు, నీళ్లు పీలుస్తుంది. ఏటికొప్పాక లక్కకు రోజూ బ్లీచింగ్ పడదు. కడప బండ చవకే గానీ సున్నపురాయి జాతి, బాత్రూం యాసిడ్ పడితే పొంగి గరుకుతేలుతుంది. గ్రానైటే నిలుస్తుంది. చెక్కేవాళ్లకోసం వెతకక్కర్లేదు. మీ శంకుస్థాపన ఫలకాలు చెక్కేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. వాళ్లకూ కాస్త మారుపని.

పాట విషయానికొస్తే, ఆసుపత్రి మైకులో వచ్చే భక్తిపాటల గురించి మేం మాట్లాడటం లేదు. ఆ మైకు ఆపేస్తేనే సగం మేలు. నెలలు నిండని పిల్లల వార్డులో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదంటారు. ఒక స్టీలు మూత కిందపడితేనే దాటిపోతుంది. అక్కడ కావాల్సింది తల్లి గొంతు. ఒకటి నుంచి 1.8 కిలోల మధ్య బరువున్న పిల్లలను పుట్టిన వెంటనే తల్లి గుండెలకు ఆనించి ఉంచితే మరణాలు నాలుగోవంతు తగ్గాయని ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా పాలుపంచుకున్న పరిశోధన 2021లో చూపించింది. రోజుకు ఎనిమిది గంటలకు తగ్గకుండా అలా ఉంచమంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఎనిమిది గంటలు ప్లాస్టిక్ స్టూలు మీద ఎవరు కూర్చోగలరు? వెనక్కి వాలే కుర్చీ, కాళ్లకు ఎత్తు, ముందు తెరుచుకునే వదులు జాకెట్టు ఇవ్వండి. ఆపైన చెవి దగ్గర చిన్న గొంతుతో జోల పాడమనండి. కోయలో, గోండిలో, లంబాడీలో, ఉర్దూలో, ఏ భాషయినా సరే. ‘ఇక్కడ పాడకూడదు’ అనే సిస్టర్‌కు ముందు శిక్షణ ఇవ్వాలి.

బాలింత దిగులు సంగతి ఇంకా చేదు. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే నూటికి సుమారు 22 మంది తల్లుల్లో కాన్పు తర్వాతి డిప్రెషన్ కనబడింది. మన ఇళ్లలో దానికి పెట్టే పేర్లు వేరు: బాలింత కదా నీరసం, గాలి సోకింది, ఒళ్లు బలిసింది. 1987లో ఎడిన్‌బరోలో తయారైన పది ప్రశ్నల కొలబద్ద ఉంది, పూర్తిచేయడానికి అయిదు నిమిషాలు చాలు. 30కి 13 లేదా అంతకు మించి వస్తే డాక్టరు చూడాలి. మొత్తం ఎంతొచ్చినా, తనను తాను గాయపరచుకోవాలన్న ఆలోచన గురించి అడిగే పదో ప్రశ్నకు ‘ఎప్పుడూ లేదు’ కాకుండా మరేదైనా జవాబొస్తే ఆ రోజే చూడాలి. ఆ ప్రశ్నలు అత్తగారి ఎదుట అడిగితే అన్నిటికీ సున్నాయే వస్తుంది. అందుకే ఆరో వారం టీకాలకు వచ్చే రోజున బిడ్డను అమ్మమ్మ చేతికిచ్చి, తల్లిని ఒక్కదాన్నే తెర వెనక కూర్చోబెట్టి అడగండి. చూశారా, మళ్లీ తెరే.

పాటకు ఇక్కడ పని ఉంది. బిడ్డ పుట్టాక దిగులులో ఉన్న 134 మంది తల్లుల మీద ఇంగ్లండులో పది వారాలు చేసిన ప్రయత్నంలో, లక్షణాలు తీవ్రంగా ఉన్నవాళ్లు కలిసి పాడే గుంపులో మామూలు చికిత్సకన్నా త్వరగా కోలుకున్నారు. 2018లో వచ్చింది అది. మన దగ్గర టీకాల రోజున తల్లులు ఎలాగూ వస్తారు. పది పన్నెండు మంది, చాపలు గుండ్రంగా, ముప్పావుగంట, ఒక పెద్దావిడ, మైకు లేదు, వేదిక లేదు, వీడియో అసలే లేదు. మొదటి పది నిమిషాలు ఊరికే ఊయల ఊపే లయలో గొంతు కలపడం, తర్వాత ఎవరింట్లో ఏ జోలపాట పాడతారో ఒక్కో చరణం. ఎవరినీ ‘నువ్వు పాడు’ అని నిలబెట్టొద్దు. ఆ దెబ్బకు రావలసినవాళ్లు మళ్లీ రారు. గుంపు తర్వాత మిగిలిపోయి ఇంటికి వెళ్లడానికి తటపటాయించే మనిషిని ఏఎన్ఎం కనిపెట్టాలి. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలీమానస్ నంబరు 14416 ఆమె ఫోనులో అక్కడే ఎక్కించాలి, ఎలాంటి పేరుతో అంటే ఇంట్లోవాళ్లు చూసినా గొడవ కాని పేరుతో.

కొండప్రాంతాల గర్భిణుల వసతి గృహాలకు ఇదంతా ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. సాలూరు, పాడేరు వైపు కాన్పుకు ముందే వచ్చి ఉండే తల్లులు అక్కడినుంచి చెప్పకుండా వెళ్లిపోతారని ఫిర్యాదు. రోజంతా చెయ్యడానికి పనిలేక, తిండి పడక, ఇంటి దగ్గర చిన్నపిల్లలు గుర్తొచ్చి వెళతారు. చేతిపనికి సరంజామా ఇవ్వండి, వాళ్లు అల్లేవి, కుట్టేవి ఏవో వాళ్లనే అడగండి. కానీ సవర గిరిజనుల గోడచిత్రాలను ఎవరో పట్నం పెయింటరుతో ఆ గోడలమీద దించొద్దు. వాళ్లకది అలంకారం కాదు. పెద్దలకోసం, పంటకోసం, రోగం పోవడంకోసం, పద్ధతి ప్రకారం పూజతో రాసేది. వాళ్ల పెద్దలు వచ్చి ఇక్కడ రాస్తామంటే గోడ ఖాళీగా ఉంచి పక్కకు తప్పుకోండి, వద్దంటే వదిలేయండి.

ఒక గది గురించి చెప్పి ముగిస్తాం. బిడ్డ దక్కని తల్లిని ఈరోజుకీ బాలింతల వార్డులోనే, చుట్టూ పసిపిల్లల ఏడుపు మధ్య, ఆ నీలికళ్ల బిడ్డ పోస్టరు ఎదురుగా పడుకోబెడుతున్నాం. వార్డు చివర ఒక గది, లేదా ఒక మంచమైనా, ఆమెకు విడిగా ఉండాలి. ఆ గోడమీద ఏ బొమ్మా వద్దు, కిటికీ ఉంటే చాలు. తలుపుకు చిన్న ఆకు బొమ్మ ఒకటి తగిలించండి. దాని అర్థం స్వీపరునుంచి డాక్టరుదాకా అందరికీ తెలిసుండాలి, ‘బాబా పాపా?’ అని అడుగుతూ లోపలికి ఎవరూ రాకూడదు. రెండు మూడు రోజుల్లో ఆమెకు పాలు పడతాయని ముందే చెప్పండి, చాలామందికి ఎవరూ చెప్పరు. బట్టలు తడిసినప్పుడే తెలుస్తుంది. పాలు ఆపే మందు ఉంది, అయితే బీపీ పెరిగిన తల్లికి అది పడదు, కేసుషీటు చూసే ఇవ్వాలి.

టెండరు మాట. చదరపు అడుగుకింత అని పిలిస్తే కార్టూన్ ఎలుకలు, ఏనుగులే వస్తాయి. మూడడుగులు బై రెండడుగుల నమూనా పలక అడగండి, దానికి డబ్బివ్వండి. లీటరు నీళ్లకు 15 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లతో నర్సులు దాన్ని రెండు వారాలు రోజూ తుడవాలి. నిలిచినదానికే పని ఇవ్వండి. కళాకారుడికి అడ్వాన్సు, ఏడాది తర్వాత ఒకసారి వచ్చి బాగుచేయడానికి వేరే పద్దు రాయండి.

వచ్చే అభివృద్ధి కమిటీ సమావేశానికి లేబర్ రూము ఇన్‌ఛార్జి సిస్టర్‌ను పిలిచి, తెరలు ఎన్ని, పట్టాలు ఎన్ని, ఏ టేబుల్ దగ్గర ఇరుక్కుంటోంది అని ముందు ఆమెను అడగండి. కొక్కేలు మాత్రం లెక్కకన్నా నూరు ఎక్కువ కొనండి. మొదట పోయేవి అవే.

ఇట్లు,
ప్రసూతి వార్డుల్లో పనిచేసే కొందరు వైద్యులు, స్టాఫ్ నర్సులు, వారితో కలిసి పనిచేసే చిత్రకారులు